రెండో టేకు లేని చోట

స్టూడియోలో పాడేవారికి రెండో టేకు ఉంటుంది, అవసరమైతే పదోదీ ఉంటుంది. కచేరీలో గాయకుడు తోడి ఆలాపన మధ్య ఒక సంగతి వేశాడంటే, అది మళ్ళీ అలాగే పలకడం ఆయన చేతిలో కూడా ఉండదు. అందుకే లైవ్ రికార్డింగుకు యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు చూడవలసినవి వేరుగా ఉంటాయి. ఎన్ని ట్రాకులు, ఎన్ని కిలోహెర్ట్జ్ అన్నవి డబ్బా మీదే పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. నేను ముందు అడిగేవి మూడు: కరెంటు పోతే ఇది ఏం చేస్తుంది? కార్డు చెడితే ఏం చేస్తుంది? అనుకున్నదానికి రెట్టింపు గట్టిగా మృదంగం మోగితే ఏం చేస్తుంది? ఈ ప్రశ్నల చుట్టూ ఎంతో శ్రద్ధగా కట్టిన రికార్డర్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని పనితనాన్ని దగ్గరగా చూద్దాం.

అంతకంటే ముందు ఒక మాట. హాల్లో మిక్సర్ నుంచి రెండు తీగలు లాగి రికార్డు చేసుకుంటే సరిపోదా అని సభల నిర్వాహకులు తరచూ అడుగుతారు. సరిపోదు. మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషి పని, హాలుకు ఏది చాలలేదో దాన్ని అందించడం. మృదంగం మైకు లేకపోయినా చివరి వరస దాకా వినిపిస్తుంది కనుక దాని ఫేడరు కిందే ఉంటుంది. వయొలిన్ అంత దూరం పోదు కనుక దాని ఫేడరు పైకి వెళ్తుంది. ఆ రెండు తీగల్లో మనకు వచ్చేది ఈ ఎక్కువ తక్కువల లెక్కే గాని, సభలో కూర్చున్నవాళ్ళు విన్న కచేరీ కాదు. ఇంటికి తెచ్చుకుని వింటే గాత్రం చెవి పక్కనే ఉంటుంది, వయొలిన్ దాన్ని కమ్మేస్తుంది, మృదంగం ఎక్కడో గోడ అవతల మోగుతుంది. సౌండ్ ఇంజినీరు ఎంత సమర్థుడైతే, ఆయన హాలును ఎంత బాగా వినిపిస్తే, ఆ రెండు ట్రాకుల రికార్డింగు అంత వంకరగా వచ్చే అవకాశం ఉంది. ఒక్కో మైకూ ఒక్కో ట్రాకులో పడితే ఆ పాళ్ళు తరువాత తీరిగ్గా కుదుర్చుకోవచ్చు.

మరి ఎన్ని ట్రాకులు కావాలి? గాత్రానికి ఒకటి, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి కుడి ఎడమలకు రెండు, ఘటమో కంజీరో ఒకటి, తంబురకు ఒకటి. హాలు గాలినీ చప్పట్లనూ పట్టడానికి ముందువరసకు పైన రెండు. మొత్తం ఎనిమిది. ఈ చివరి రెంటినీ చాలామంది మానేస్తారు. అవి లేని కచేరీ రికార్డింగు నాకు ఎప్పుడూ ఊపిరాడనట్టే ఉంటుంది.

సరిగ్గా ఎనిమిది మైకులు పట్టే రికార్డరు ఒకటి జపాన్‌లోని జూమ్ సంస్థ నుంచి 2015లో వచ్చింది. పేరు ఎఫ్8. అమెరికాలో దాని ధర అప్పట్లో 1,000 డాలర్ల లోపే. దాన్ని దిద్ది 2018లో ఎఫ్8ఎన్ చేశారు, ఆ తరువాత ఎఫ్8ఎన్ ప్రో తెచ్చారు. సినిమా షూటింగుల్లో సౌండ్ మనుషులు భుజానికి తగిలించుకు తిరిగేందుకు పుట్టిన యంత్రమిది. అల్యూమినియం ఒళ్ళు, బ్యాటరీలు లేకుండా కిలోకు కాస్త తక్కువ బరువు. షూటింగు కోసం వాళ్ళు తీసుకున్న జాగ్రత్తలన్నీ కచేరీ వేదిక పక్కన కూడా అక్కరకొచ్చేవే.

ముందు పక్కల చూడండి. ఇటు నాలుగు, అటు నాలుగు ఇన్‌పుట్లు. న్యూట్రిక్ కంపెనీ తాళం సాకెట్లు. మైకు కేబుల్ దోపగానే టక్కున పట్టుకుంటుంది, మీట నొక్కితే గాని వదలదు. దండలు వేయడానికి, శాలువాలు కప్పడానికి పదిమంది వేదిక ఎక్కి దిగుతున్నప్పుడు ఎవరి కాలికో కేబుల్ తగులుతుంది. అప్పుడు తెలుస్తుంది ఆ చిన్న మీట విలువ. కండెన్సర్ మైకులకు కేబుల్ గుండానే అందే కరెంటు, అంటే 48 వోల్టుల ఫాంటమ్ పవర్, ఒక్కో ఇన్‌పుట్‌కూ విడిగా వేసుకోవచ్చు, తీసేసుకోవచ్చు. లోపలి ప్రీయాంప్‌లు 75 డెసిబెల్స్ దాకా గెయిన్ ఇస్తాయి. వాటి సొంత రొద మైనస్ 127 డీబీయూ. అంటే, మీటీ మీటకుండా మీటిన తంబురను బాగా పెంచి విన్నా వెనక బుసబుస వినపడదు. ఇంత చౌకలో ఇంత నిశ్శబ్దమైన ప్రీయాంప్‌లు ఎనిమిది ఒకేచోట దొరకడం అప్పట్లో మామూలు విషయం కాదు.

ఇక కరెంటు. నాకు ఈ యంత్రం మీద గౌరవం కలిగింది ఇక్కడే. దీనికి కరెంటు మూడు దారుల్లో అందుతుంది: గోడ ప్లగ్గు నుంచి వచ్చే 12 వోల్టుల అడాప్టరు, షూటింగు బ్యాటరీల కోసం నాలుగు పిన్నుల హిరోసే సాకెట్, లోపల ఎనిమిది ఏఏ బ్యాటరీల అర. ఒక దారి మూసుకుపోతే రికార్డింగు ఆగకుండా యంత్రం తనంతట తానే ఇంకో దారికి మారుతుంది. ఏ వోల్టేజికి పడిపోతే మారాలో మనమే ముందుగా చెప్పి పెట్టుకోవచ్చు. పందిట్లో కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ కాసేపట్లో స్పీకర్లు మూగబోతాయి, లైట్లు ఆరిపోతాయి. విద్వాంసులు మాత్రం మైకు లేకుండానే పాడుతూ పోతారు, జనం ముందుకు వంగి వింటారు. కచేరీ మొత్తంలో అపురూపమైన నిమిషాలు అవే కావచ్చు. డైనమిక్ మైకులైనా, రికార్డరు నుంచే ఫాంటమ్ తీసుకునే మైకులైనా ఆ నిమిషాలు కార్డు మీద పదిలంగా ఉంటాయి.

ఇది ఎందుకింత ముఖ్యమో తెలియాలంటే రికార్డింగు మధ్యలో కరెంటు పోతే వేవ్ ఫైలుకు ఏమవుతుందో తెలియాలి. ధ్వని కార్డు మీద ఎప్పటికప్పుడు పడుతూనే ఉంటుంది. కాని ఆ ఫైలు పొడవెంత, కార్డులో ఏయే గదుల్లో ఉంది అన్న లెక్క పూర్తిగా రాసేది ఫైలు మూసేటప్పుడు. మూయకముందే ప్రాణం పోతే ధ్వని ఉండీ దానికి చిరునామా ఉండదు. కంప్యూటరుకు పెడితే సున్నా బైట్ల ఫైలు కనిపిస్తుంది. రక్షించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గాని, అవి ప్రతిసారీ గెలుస్తాయన్న హామీ లేదు.

ఎఫ్8లో కార్డులు రెండు. ఒకే రికార్డింగును ఒకేసారి రెంటి మీదా రాయించవచ్చు. లేదా ఒకదాని మీద విడి ట్రాకులు, రెండోదాని మీద మిక్స్ మాత్రమే వేయించవచ్చు. లెక్క చూస్తే, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో ఎనిమిది ట్రాకులూ, వాటి స్టీరియో మిక్సూ కలిపి గంటకు 5 గిగాబైట్లు పైచిలుకు. మూడు గంటల కచేరీ 16 గిగాబైట్లలోపు ముగుస్తుంది. ఈ రోజుల్లో ఇది పెద్ద బరువు కాదు కనుక, రెండు కార్డుల మీదా పూర్తిగా రాయించకపోవడానికి కారణమే లేదు. 96, 192 కిలోహెర్ట్జ్‌ల కోసం ఆరాటపడేవాళ్ళకు నేను చెప్పేదొక్కటే. ఆ స్థలాన్ని రెండో ప్రతికి వాడండి, చెవికి తేడా తెలియని చోట దాన్ని పోగొట్టుకోకండి.

ఇంకో సున్నితమైన పని ఉంది, బయటికి కనపడదు. వేవ్ ఫైలు తన పరిమాణాన్ని 32 బిట్ల అంకెలో దాచుకుంటుంది కనుక 4 గిగాబైట్లు దాటలేదు. చాలా రికార్డర్లు 2 గిగాబైట్లకే ఆగి కొత్త ఫైలు తెరుస్తాయి. ట్రాకులన్నీ ఒకే ఫైల్లో పెడితే ఆ గీత అరగంటలోపే వస్తుంది. అంటే రాగం తానం పల్లవి మధ్యలో ఎక్కడో. మంచి యంత్రంలో పాత ఫైలు చివరి శాంపిల్‌కూ కొత్త ఫైలు మొదటి శాంపిల్‌కూ మధ్య ఒక్కటి కూడా జారిపోదు. ఎడిటింగులో రెంటినీ పక్కపక్కన పెట్టి అతుకును ఎంత పెద్దది చేసి చూసినా అల తెగినట్టుండదు.

రికార్డు బటన్ నొక్కకముందు ఆరు సెకన్ల దాకా వినిపించింది కూడా ఎఫ్8 జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. శ్రుతి చూసుకుంటున్నారనుకుని మనం ఏమరుపాటున ఉండగానే వర్ణం ఎత్తుకునే విద్వాంసులున్న దేశంలో ఇదొక వరం.

దీని గడియారం మరీ ముచ్చటైనది. ఒక రికార్డరులో సెకనుకు 48,000 శాంపిల్స్ అంటే ఆ సెకను నిజంగా ఎంతో ఎవరో నిర్ణయించాలి. సాధారణ క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షల్లో 50 పాళ్ళు అటూ ఇటూ పోవచ్చు. మూడు గంటల్లో అది అరసెకను పైన. కెమెరాలో తీసిన వీడియోకు ఈ ధ్వనిని జోడిస్తే మంగళం పాడే వేళకు పెదవులు ఒకటీ మాట ఒకటీ అవుతాయి. ఎఫ్8లో ఉన్నది ఉష్ణోగ్రత మారినా నిలకడగా ఉండే స్ఫటికం. దాని తప్పు పది లక్షల్లో 0.2 పాళ్ళు. మూడు గంటలకు రెండు మిల్లీసెకన్లు. వీడియోలో ఒక్క ఫ్రేమే 40 మిల్లీసెకన్లు కదా. అయితే కెమెరాలకు కూడా టైమ్‌కోడ్ ఇచ్చి కట్టేస్తేనే ఈ పట్టింపుకు ఫలం దక్కుతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అంత చిన్న ముఖం మీద ఎనిమిది గుండ్రటి మీటలు ఇరికించారు. ఒకటి తిప్పబోతే పక్కది కదులుతుంది. కచేరీలో గెయిన్ ముట్టుకోకపోవడమే మేలు కనుక నాకది ప్రాణాంతకం కాదు, కాని చీకట్లో ఇబ్బందే. తొలి ఎఫ్8లో, హద్దు దాటే ధ్వనిని అదుపుచేసే లిమిటరు చురుగ్గా ఉండేది కాదు. ఎఫ్8ఎన్‌లో రాబోయే దెబ్బను ముందే చూసి సర్దుకునే లిమిటరు పెట్టారు. ప్రోలో ఆ సమస్య మూలాన్నే పట్టుకున్నారు: ఒక్కో ఇన్‌పుట్‌కూ రెండు కన్వర్టర్లు. ఒకటి మెల్లని ధ్వనిని, ఒకటి గట్టి ధ్వనిని చదువుతాయి. రెంటినీ కలిపి 32 బిట్ ఫ్లోట్ ఫైలుగా రాస్తారు. ఇందులో గెయిన్ తప్పు పెట్టినా తరువాత దించుకోవచ్చు, పెంచుకోవచ్చు. అలాగని మైకు పెట్టడంలో నిర్లక్ష్యం పనికిరాదు. డోలుకు బెత్తెడు దూరంలో పెట్టిన సున్నితమైన కండెన్సర్ మైకు తనలోనే చితికిపోతే దాన్ని ఏ ఫ్లోటూ బాగుచేయదు.

ఈ సౌకర్యాలు ఎంత కొత్తవో గుర్తుచేసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. 1980లలో 24 ట్రాకుల డిజిటల్ యంత్రం కావాలంటే లక్ష డాలర్లు దాటేది. 1991 జనవరిలో అలెసిస్ సంస్థ ఏడాట్ అనే యంత్రాన్ని చూపించింది, మరుసటి ఏడు అమ్మకానికి తెచ్చింది. ఎస్-వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ మీద ఎనిమిది డిజిటల్ ట్రాకులు, ధర 4,000 డాలర్ల లోపు. చిన్న స్టూడియోల బతుకు మార్చిన యంత్రమది. కాని రెండు గంటల క్యాసెట్ మీద దక్కేది 40 నిమిషాలే. కచేరీకి అది ఎక్కడ సరిపోతుంది? 1993లో టాస్కామ్ హై-8 క్యాసెట్ వాడి డీఏ-88 తెచ్చినప్పుడు ఆ సమయం 108 నిమిషాలకు పెరిగింది. వేదికల దగ్గర పనిచేసేవాళ్ళు అటు మొగ్గడానికి ఇది కూడా ఒక కారణం.

మైకులు పదహారూ ఇరవై నాలుగూ ఉండే సినిమా పాటల ఆర్కెస్ట్రాకు ఎఫ్8 చాలదు. అక్కడ మిక్సరే రికార్డరు కావాలి. 2012లో వచ్చిన బెహ్రింగర్ ఎక్స్32కు ఎక్స్-లైవ్ అనే కార్డు తగిలిస్తే 32 ట్రాకులూ రెండు ఎస్‌డీ కార్డుల మీదికి పోతాయి, ఒకటి నిండగానే రెండోదానికి. 32 గిగాబైట్ల కార్డులు రెండు పెడితే మూడు గంటలు. నన్ను ఆకట్టుకున్నది దానిమీదున్న చిన్న లిథియం బ్యాటరీ. కరెంటు పోతే అది మిక్సరును నడపలేదు, నడపాలని ప్రయత్నించదు కూడా. తెరిచి ఉన్న ఫైలును పద్ధతిగా మూసేంతవరకు కార్డును బతికిస్తుంది, అంతే. ఆ అంతే చాలు.

రికార్డరు విడిగా పెట్టేటప్పుడు మైకును రెండు చోట్లకు పంచాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్ప్లిటర్ బాక్సు మీద డబ్బు పెట్టడానికి వెనకాడకండి. హాలు ఎర్తుకూ మీ ఎర్తుకూ తేడా ఉంటే వచ్చే హమ్మును అది ఆపుతుంది. ఫాంటమ్ మాత్రం ఒక వైపు నుంచే వెళ్తుంది. అది ఏ వైపో ముందే మాట్లాడుకోవాలి.

బుర్రకథకు లెక్క మారుతుంది. మనుషులు ముగ్గురే, కాని కథకుడు తంబుర భుజాన వేసుకుని ముందుకు గెంతుతాడు, వెనక్కి వెళ్తాడు, గుసగుసగా మొదలైన మాట అరుపుగా ముగుస్తుంది. ఇక్కడ 32 బిట్ ఫ్లోట్ నిజంగా ఆదుకుంటుంది. 2019లో వచ్చిన జూమ్ ఎఫ్6 ఆరు మైకులకు చాలు, అరకిలో బరువు, నాలుగు ఏఏ బ్యాటరీలతో కూడా నడుస్తుంది. దానికి కార్డు ఒక్కటే. అందుకని దాని లైన్ అవుట్ నుంచి ఒక చిన్న స్టీరియో రికార్డరును నడిపించి, దాన్ని వేరే బ్యాటరీ మీద, వేరే సంచిలో పెట్టుకోండి.