కల్లుగీత పదజాలం: పదకోశాలకు అందనిది

జింబాబ్వేలోని షోనా ప్రజలు ఇంట్లో కాచే బీరును ‘డోరో’ అంటారు. దానికి ప్రాణం ‘చిమేర’, అంటే నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి చేసిన ధాన్యం. ధాన్యంలోని పిండిపదార్థం ఉన్నపళంగా పులియదు. మొలకెత్తేటప్పుడు పుట్టే ఎంజైములు దాన్ని చక్కెరగా మార్చాలి. ఆ పనిలోని కీలకమంతా ఒక్క మాటలో ఇమిడి ఉంది. ఒక వృత్తి తాలూకు జ్ఞానాన్ని కాపాడాలంటే దాని పదజాలాన్ని కాపాడాలన్న వాదానికి ఇది మంచి ఉదాహరణ. ఆ వాదాన్ని మన కల్లుగీతకు అన్వయించి చూస్తే మన పదకోశాల బలమూ, పరిమితీ రెండూ తెలుస్తాయి.

కల్లుకు మొలకలు అక్కర్లేదు. తాటి, ఈత చెట్ల రసంలో చక్కెర సిద్ధంగానే ఉంటుంది. లొట్టిలో పడుతూండగానే పులియడం మొదలై కొన్ని గంటల్లో కల్లవుతుంది. ఇంకా ఉంచితే పులిసి చెడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియకుండా నీరాగా నిలుస్తుంది. కాబట్టి గీతకార్మికుడి నేర్పు పొయ్యి దగ్గర కాదు, చెట్టు మీద ఉంది. మాటలూ అక్కడే పుట్టాయి. తెలంగాణ పల్లెల్లో ‘పోద్దాడు’ అంటే పోతుతాడు, మగచెట్టు. ‘పండుతాడు’ కాయ కాసే ఆడచెట్టు. తాడు అనగానే మనకు పగ్గమే తోస్తుంది. చెట్టెక్కేవాడికి పగ్గం ‘మోకు’, తాడు చెట్టు. గెలను పూటపూటకూ పలచగా చెక్కడమే ‘గీత’. మందంగా చెక్కితే గెల త్వరగా అయిపోతుంది. చెక్కకుండా వదిలేస్తే ధార ఆగిపోతుంది.

ఈ మాటలకు మన నిఘంటువుల్లో దక్కిన చోటు ఎంత? ‘కల్లు’ తమిళ, మలయాళ, కన్నడాల్లోనూ సోదరపదాలున్న పాతమాట అని బరో, బర్కిలీ ఆచార్యుడు ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చెబుతుంది. బ్రౌన్ నిఘంటువును షికాగో విశ్వవిద్యాలయం అంతర్జాలంలో పెట్టడంతో అమెరికాలో ఉన్న మనకూ అది వేలికొసన ఉంది. అయితే మొదటిది మాట వయసు చెబుతుంది, రెండవది అర్థం చెబుతుంది. పని చేసేవాళ్ళ నోటి నుంచే మాటలు సేకరించాలన్న పట్టుదల భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశంతో స్థిరపడింది. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వెలువడ్డాయి. మన భాషాశాస్త్రం గర్వించదగ్గ పని అది. అయినా ఆ పద్ధతికి నాగలి భాగాలు, మగ్గం భాగాలు చిక్కినంత సులువుగా కత్తి ఎంత లోతుకు దిగాలో, లొట్టి ఏ వేళకు దించాలో చిక్కవు. మగ్గానికి బొమ్మ గీయవచ్చు; పులియడానికి గీయలేం. దానికి గీసేవాడి వాక్యం, గొంతు, చేతి కదలిక కలిపి నమోదు చేయాలి.

వైద్యుడిగా నాకు ఇది పాండిత్య విషయం మాత్రమే కాదు. తెలంగాణలో జనం తమంతట తామే రెండు మాటలు చేసుకున్నారు: ‘చెట్టు కల్లు’, ‘మందు కల్లు’. రెండవదానిలో కలిపేవి క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటివి. దానికి అలవాటుపడ్డవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, భ్రాంతులు రావచ్చు. 2015లో కల్తీపై దాడులు జరిగాక నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులు అలాంటి రోగులతో నిండాయి. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు పలువురి ప్రాణాలు తీసింది. పిల్లలను చూడడానికి అమెరికా వచ్చిన పెద్దాయన మూడోనాడు చేతులు వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడితే, ‘కల్లు’ అన్న ఒక్క మాటను ‘పామ్ వైన్’ అని అనువదించి ఊరుకునే వైద్యుడికి రోగం సగమే అందుతుంది. ‘ఏ కల్లు?’ అని అడగగలగాలి.

కల్లును పొగడడం నా ఉద్దేశం కాదు. చెట్టు కల్లు కూడా మద్యమే. కానీ తాగడాన్ని నిరసించడం వేరు, గీసేవారి జ్ఞానాన్ని నీచంగా చూడడం వేరు. గౌడ, ఈడిగ కుటుంబాల మాటలను కులం మాటలుగా పక్కకు నెట్టిన శిష్టభాష ఈ రెంటినీ కలిపేసింది. చెట్టు మీద నుంచి పడి చచ్చేవారి వార్తలు వింటూ ఆ కుటుంబాల పిల్లలు వృత్తి వదిలేయడంలో తప్పు లేదు. ఆ మాటలు కాపాడడానికి వాళ్ళు చెట్టెక్కుతూనే ఉండాలనే హక్కు మనకెవరికీ లేదు. ఎక్కినవారు ఉండగానే కూర్చోబెట్టి అడగడం మాత్రం మన చేతిలో ఉంది. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఫోనులో రికార్డు చేయవలసింది మాటల జాబితా కాదు. ‘ఇప్పుడు ఎందుకు గీస్తున్నావు, రేపు ఎందుకు గీయవు?’ అన్న ప్రశ్నకు ఆయన చెప్పే జవాబు.