‘ఆట’కు అనుమతి, ‘పాట’కు నిరాకరణ: గో భాష నామ నియమం – తెలుగు లిపి

సారాంశం:
గో ప్రోగ్రామింగ్ భాషలో పేర్లను యూనికోడ్ అక్షరాలతోను, అంకెలతోను మాత్రమే నిర్మించాలి. చూడటానికి సరళమైన ఈ నియమం తెలుగు గుణింతాన్ని, ఒత్తును, నిండుసున్నను పేర్లలోకి రానివ్వదు. ఈ నియమానికి గల హేతువును, సవరణ కోసం వచ్చిన ప్రతిపాదనలను పరిశీలించి, వాటిలో ఏది పాత ప్రోగ్రాములకు హాని చేయకుండా అమలు కాగలదో నిర్ధారించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గో భాష, యూనికోడ్, నామ నియమం, గుణింతం, నిండుసున్న, సాధారణీకరణ.

1. ఉపోద్ఘాతం

గో భాష రూపకల్పనను గూగుల్ సంస్థలో రాబర్ట్ గ్రీస్మర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ 2007లో ప్రారంభించారు. 2009 నవంబరులో అది లోకానికి పరిచయమైంది. 2012 మార్చిలో గో 1 వెలువడింది. వీరిలో పైక్, థాంప్సన్ 1992లో యూటీఎఫ్-8 సంకేతీకరణను రూపొందించినవారు. ఇప్పుడు తెలుగు పాఠం కంప్యూటర్ల మధ్య ప్రయాణించేది ప్రధానంగా ఆ సంకేతీకరణలోనే. గో మూలపాఠం కూడా యూటీఎఫ్-8లోనే ఉండాలి. కనుక గో వ్యాఖ్యలలోను, స్ట్రింగులలోను తెలుగు నిరాటంకంగా నిలుస్తుంది. చిక్కంతా చలరాశులకు, ఫంక్షన్లకు పెట్టే పేర్ల దగ్గరే వస్తుంది. ప్రపంచ లిపులన్నింటికీ దారి చూపినవారి భాషలో ఈ ఇరుకు ఎందుకు ఏర్పడిందన్నది పరిశీలించదగిన ప్రశ్న.

2. నియమం – దాని ఫలితం

గో నిర్దేశం ప్రకారం పేరు అక్షరంతో గాని అడుగుగీతతో గాని మొదలు కావాలి. ఆ తరువాత అక్షరాలు, అడుగుగీతలు, అంకెలు రావచ్చు. ఏది అక్షరమో నిర్ణయించేది యూనికోడ్ వర్గీకరణ. ఆ వర్గీకరణలో క, త, ప వంటి హల్లులు, అ, ఆ, ఇ వంటి అచ్చులు అక్షరాలు. కాని హల్లుపై నిలిచే గుణింతపు గుర్తులు, పొల్లు, నిండుసున్న, విసర్గ అక్షరాలు కావు. అవి సంయోజక చిహ్నాలు.

ఫలితం విచిత్రంగా ఉంటుంది. ‘ఆట’ చెల్లుతుంది, ‘పాట’ చెల్లదు. ‘ధర’ చెల్లుతుంది, ‘విలువ’ చెల్లదు. ‘అమ్మ’లో ఒత్తు పొల్లు ద్వారా ఏర్పడుతుంది కనుక అదీ చెల్లదు. గుణింతం, ఒత్తు, సున్న లేని పదాలతో తెలుగులో ఒక వాక్యం కూర్చడమే కష్టం. ప్రోగ్రాముకు కావలసిన పేర్లన్నీ కూర్చడం అసాధ్యం.

తెలుగు వ్యాకరణ సంప్రదాయం అచ్చులను ప్రాణములని, హల్లులను ప్రాణులని వ్యవహరించింది. ‘ఆట’లోని ఆకారానికి, ‘పాట’లోని ఆకారానికి ధ్వనిలో గాని, వ్యాకరణంలో గాని భేదం లేదు, భేదం లేఖనంలో మాత్రమే. గో నియమం ఆ లేఖన భేదాన్ని వర్ణ భేదంగా స్వీకరించింది. ఫ్రెంచి అచ్చులపై గుర్తులకు, కొరియన్ అక్షర సముదాయాలకు యూనికోడ్‌లో ముందే కూర్చిన సంకేతాలున్నాయి కనుక అవి అక్షరాలుగా గట్టెక్కాయి. భారతీయ లిపులకు యూనికోడ్ ఇస్కీ పద్ధతిని అనుసరించి గుణింతపు గుర్తులను విడి సంకేతాలుగా ఉంచింది. అందువల్ల ఒకే నియమం ఒక లిపికి ద్వారమై, మరొక లిపికి గోడ అయింది.

3. సమర్థనల పరిశీలన

ఈ పరిమితి పొరపాటున వచ్చినది కాదు. నియమం అర్థం చేసుకోవడానికి, అమలు చేయడానికి సులభమని, సంయోజక చిహ్నాలను ఉద్దేశపూర్వకంగానే మినహాయించామని, దానివల్ల దేవనాగరి వంటివి బయట ఉండిపోతాయని గో రూపకర్తలే తమ ప్రశ్నోత్తరాలలో అంగీకరించారు. ఆ నిజాయితీ మెచ్చదగినది. అయితే సమర్థనలను ఒక్కొక్కటిగా తూచవలసి ఉంది.

మొదటిది సాధారణీకరణ సమస్య. ఒకే రూపాన్ని రెండు సంకేత క్రమాలలో రాయగలిగితే, కంటికి ఒకటైన పేరు కంపైలర్‌కు రెండు పేర్లవుతుంది. ఇది నిజమైన ఆక్షేపణే. అయితే యూనికోడ్ తెలుగు విభాగంలో ఇలాంటి సమానత్వం ఒక్క ఐత్వానికే ఉంది: దానిని ఒకే సంకేతంగాను రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు కింది గుర్తును చేర్చి రెండు సంకేతాలుగాను రాయవచ్చు. ఒక్క ఐత్వం కోసం గుణింతమంతటినీ వెలివేయడం సమస్యకు తగిన పరిష్కారం కాదు.

రెండవది భ్రాంతి భయం: ఒకేలా కనిపించే గుర్తులు చదువరిని మోసగించవచ్చు. ఇక్కడ గో నియమం తన ఉద్దేశానికే ఎదురు తిరుగుతుంది. తెలుగు అంకెలు అంకెల వర్గానికి చెందుతాయి కనుక పేర్లలో చెల్లుతాయి. నిండుసున్నతో రాసిన ‘రంగం’ను కంపైలర్ తిరస్కరిస్తుంది. సున్న స్థానంలో తెలుగు సున్నా అంకెను పెట్టి ‘ర౦గ౦’ అని రాస్తే స్వీకరిస్తుంది. కంటికి రెండూ దాదాపు ఒకటే. అంటే నియమం ఒప్పును తోసి, తప్పుకు తలుపు తీసింది.

మూడవది అవసరం లేదన్న వాదం: కీలకపదాలు, లైబ్రరీలు ఆంగ్లంలోనే ఉన్నప్పుడు తెలుగు పేర్లెందుకు? లిప్యంతరీకరణలో కలిగే నష్టమే దీనికి సమాధానం. గుర్తులు లేని లాటిన్ అక్షరాలలో వెల, వేల, వేళ మూడూ ఒకే రూపం ధరిస్తాయి. సరుకు వెలను, వేల సంఖ్యను, అమ్మిన వేళను లెక్కించే ప్రోగ్రాములో ఇది చిన్న అసౌకర్యం కాదు. ఛందస్సును, సంధిని విశ్లేషించే ప్రోగ్రాములలో పారిభాషిక పదాలకు ఈ బాధ మరింత ఎక్కువ.

4. రెండు ప్రతిపాదనలు

సవరణ చర్చలో రెండు భిన్నమైన విషయాలు పెనవేసుకున్నాయి. ఒకటి, సంయోజక చిహ్నాలను పేర్లలో అనుమతించడం. రెండవది, ఎగుమతి నియమాన్ని సడలించడం. గోలో ఒక ప్యాకేజీ బయటికి కనిపించే పేరు పెద్దక్షరంతో మొదలు కావాలి. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న భేదమే లేదు. కనుక చెల్లే ‘ధర’ కూడా ముందు లాటిన్ పెద్దక్షరం తగిలించుకుంటే తప్ప గడప దాటలేదు. ఇది అసంతృప్తికరమని రూపకర్తలూ ఒప్పుకున్నారు.

ఈ భేదం లేని లిపుల పేర్లన్నింటినీ ఎగుమతి పేర్లుగా భావించాలన్న సూచన న్యాయంగానే కనిపిస్తుంది. కాని అది గో 1 ఇచ్చిన అనుకూలత వాగ్దానానికి విరుద్ధం. నేడు లోపలే ఉన్న చైనీస్, జపనీస్ పేర్లు హఠాత్తుగా బయటికి వస్తాయి. స్ట్రక్టులలో దాచిన క్షేత్రాలు జేసన్ ఫలితాలలో తేలుతాయి.

మొదటి ప్రతిపాదనకు ఈ దోషం లేదు. ప్రస్తుతం గుణింతపు గుర్తున్న పేరు ఏ గో ప్రోగ్రాములోను చెల్లదు; కనుక దానిని అనుమతిస్తే ఏ పాత ప్రోగ్రాము అర్థమూ మారదు. 2018 నవంబరులో గో 2 దిశగా ప్రకటించిన తొలి ప్రతిపాదనలలో ఇది ఒకటి. వాటిలో సంఖ్యల లేఖనానికి, బిట్ల జరుపుకు సంబంధించిన మార్పులు 2019లో 1.13 కూర్పులో చేరాయి. పేర్ల సవరణ చేరలేదు. 2022లో 1.18 కూర్పు జెనరిక్స్ వంటి పెద్ద మార్పును తెచ్చినప్పుడూ ఈ నియమం అలాగే ఉంది.

5. ఇతర భాషల అనుభవం

పైథాన్ 2007 నాటి 3131వ ప్రతిపాదన ద్వారా, 3.0 కూర్పు నుండి సంయోజక చిహ్నాలను స్వీకరిస్తూ పేర్లను సాధారణీకరిస్తున్నది. అక్కడ ‘పాట’ చెల్లుతుంది. అయినా పొల్లు తరువాత ఒత్తు ఏర్పడకుండా ఆపే కనిపించని గుర్తును అది నిరాకరిస్తుంది కనుక, ‘సాఫ్ట్‌వేర్’ అన్న పదం తన సహజ రూపంలో చెల్లదు. జావాస్క్రిప్ట్ ప్రమాణం 2009 నాటి ఐదవ కూర్పు నుండి ఆ గుర్తునూ అనుమతించింది. సంపూర్ణ పరిష్కారం ఏ భాషలోను సులభం కాకపోయినా, గో కంటే ముందడుగు సాధ్యమేనని ఈ రెండూ నిరూపిస్తున్నాయి.

6. ముగింపు

సరళత గో భాషకు ప్రధాన విలువ. అయితే ఒక నియమం ఎవరికి సరళమో కూడా విచారించాలి. కంపైలర్‌లో తగ్గిన శ్రమ తెలుగు, దేవనాగరి లిపుల వాడుకరులపై పడినప్పుడు అది తొలగిన శ్రమ కాదు, చేతులు మారిన శ్రమ. ఎగుమతి సమస్యను వేరుచేసి, సంయోజక చిహ్నాలను ముందుగా అనుమతించడం యుక్తం. సాధారణ రూపంలో లేని పేరును కంపైలర్ మొదటినుండే దోషంగా చూపితే ఐత్వపు చిక్కు తీరుతుంది. తరువాత నియమం మార్చవలసిన అవసరమూ రాదు. ఎగుమతి చిక్కు మిగిలే ఉంటుంది. అయినా ‘ఆట’తో పాటు ‘పాట’కు చోటు కల్పించడానికి ఆ చిక్కు తీరేవరకు ఆగనక్కరలేదు.