గడులలో ఇమడని రామప్ప

బొమ్మలు లేక అక్షరాలు మాత్రమే చూపే కంప్యూటరు తెరను టెర్మినల్ అంటారు. సాధారణంగా దానిలో 24 వరుసలు, వరుసకు 80 గడులు. ఫలానా గడిలో ఫలానా అక్షరం చూపుమని సి భాషలో ఆజ్ఞాపించడానికి ఉపకరించే లైబ్రరీ ఎన్‌కర్సెస్. 1980 ప్రాంతంలో బర్కిలీలో కెన్ ఆర్నాల్డ్ వ్రాసిన కర్సెస్ దీనికి మూలం. దీని పొదుపు మెచ్చదగినది: తెరనంతా మళ్ళీ వ్రాయదు, పాతదానితో పోల్చి, మారిన గడులనే పంపుతుంది.

మరి తెలుగు మాటో? 1213లో రేచర్ల రుద్రుడు రామప్పగుడి కట్టించిన ఊరి పేరే తీసుకుందాం. ‘పాలంపేట’లో కంటికి నాలుగక్షరాలు, యూనికోడ్ సంకేతాలు 7, యుటిఎఫ్-8 పద్ధతిలో 21 బైట్లు. బైటుకొక గడి చొప్పున పంపితే మిగిలేవి పిచ్చిగుర్తులే. లైబ్రరీ విశాలాక్షర రూపం ఈ చిక్కు తీర్చింది. అది మూలాక్షరంతో బాటు నాలుగు గుర్తుల వరకు ఒకే గడిలో ఉంచగలదు. దీర్ఘమూ ఏత్వమూ అలా ఇముడుతాయి.

అసలు లోపం ఒత్తు దగ్గర ఉన్నది. ‘రామప్ప’ మనకు మూడక్షరాలు, ఈ లెక్కలో నాలుగు గడులు. పొల్లు మొదటి పకారంతో పోగా, రెండవ పకారం పక్క గడిలో కూర్చుంటుంది. గడిగడికీ విడిగా గీసే టెర్మినల్‌లో అది ‘రామప్‌ప’. కలిపి గీసే టెర్మినల్‌లో రూపం బాగుంటుంది కాని, అక్షరం ఒకచోట, కర్సరు మరొకచోట!

దోషమంతా ఎన్‌కర్సెస్‌దే అనడం న్యాయం కాదు. వెడల్పు చెప్పే సి ప్రమేయం ఒక్కొక్క సంకేతాన్నే కొలుస్తుంది, పక్కదానిని చూడదు. సంకేతానికి బదులు అక్షరాన్ని కొలిచే పద్ధతిని లైబ్రరీ, టెర్మినల్ రెండూ ఒప్పుకోవాలి. అందాకా మార్కుల పట్టిక వ్రాసే విద్యార్థి పేరును చివరి నిలువు వరుసలో పెడితే అంకెలైనా చెదరవు.