రెండు కవర్ల పనితనం

పోస్టల్ బ్యాలెట్ మాట మనకు గట్టిగా వినబడేది లెక్కింపు రోజు ఉదయం ఎనిమిదింటికే. టీవీలో తొలి ఆధిక్యం దాని పుణ్యమే. అరగంట గడిచేసరికి ఈవీఎంల వంతు వస్తుంది, ఇక దాని ఊసు ఎవరూ ఎత్తరు. నాకు మాత్రం మన ఎన్నికల నియమాలన్నిటిలోకీ అందంగా కుదిరిన పని ఇదేననిపిస్తుంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 18 నుంచి 27 దాకా చదివి, ఆపైన 54-ఎ నియమం దగ్గర ఆగి చూడండి. కొన్ని కాగితాలు, రెండు కవర్లు, కాస్త లక్క. ఇంతే సరంజామా. దీనితో తీర్చిన చిక్కు మాత్రం చిన్నది కాదు.

పోలింగ్ కేంద్రంలో ఓటరు కళ్లెదుట ఉంటాడు. జాబితాలో పేరు చూస్తారు, వేలికి సిరా పూస్తారు, అట్ట చాటుకు వెళ్లి మీట నొక్కుతాడు. వచ్చిందెవరో ఏజెంట్లందరికీ తెలుసు, వేసిందెవరికో ఎవరికీ తెలియదు. టపాలో వచ్చే ఓటుకు ఆ చాటు లేదు. ఓటరు ఫలానా అని చెప్పే సాక్ష్యమూ, అతని రహస్యమూ ఒకే కట్టలో ప్రయాణం చేస్తాయి. దారిలో విడిపోతే దొంగ ఓటుకు తావు. చేరాక విడిపోకపోతే రహస్యం బయటపడుతుంది.

పని ఓటరు నమోదు దగ్గరే మొదలవుతుంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి తరతరాలుగా యువకులు సైన్యంలోకి వెళుతున్నారు, ఆ ఊరికి మిలిటరీ మాధవరమని పేరు. లద్దాఖ్‌లో కాపలా కాస్తున్న మాధవరం కుర్రవాడు ఏ ఊరి ఓటరు? 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం దీనికి చక్కటి జవాబు చెప్పింది: ఈ కొలువే లేకపోతే అతను ఎక్కడ నివసించేవాడో అక్కడే ఉన్నట్టు లెక్క. అతను ఫారం 2 నింపితే సొంత ఊరి జాబితాలో, సర్వీసు ఓటర్ల భాగంలో పేరు చేరుతుంది. దగ్గరే ఉంటున్న భార్యకూ ఆ హక్కు ఉండేది. మహిళా అధికారి భర్తకు మాత్రం ఉండేది కాదు. 2021 సవరణ ఆ తేడాను చెరిపేసింది. ఆలస్యంగానైనా సరిదిద్దారు.

ఇక కాగితాల సంగతి. ఓటరుకు బ్యాలెట్ పత్రంతో పాటు నాలుగు వెళతాయి. 13-ఎ డిక్లరేషన్: ఫలానా నంబరు బ్యాలెట్ అందుకున్న ఓటరును నేనేనని సంతకం చేసి ఇచ్చే మాట. 13-బి చిన్న కవరు, బ్యాలెట్ ఒక్కటే అందులో ఉండాలి. 13-సి పెద్ద కవరు, మీద రిటర్నింగ్ అధికారి చిరునామా. 13-డి సూచనల పత్రం. ఓటరు బ్యాలెట్ మీద గుర్తు పెట్టి, చిన్న కవరులో ఉంచి అంటిస్తాడు. ఆ కవరునూ డిక్లరేషన్‌నూ పక్కపక్కనే పెద్ద కవరులో పెట్టి పంపుతాడు. డిక్లరేషన్‌ను చిన్న కవరులో పెట్టకూడదు. ఈ ఒక్క గోడ మీదే ఇల్లంతా నిలబడింది.

డిక్లరేషన్ మీద సంతకం మరొకరి ఎదుట చేయాలి. సైనికుడికి కమాండింగ్ అధికారి నియమించిన అధికారి, ఎన్నికల విధుల్లో ఉన్న ఉపాధ్యాయుడికి గెజిటెడ్ అధికారి, ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి జైలు సూపరింటెండెంటు. అవును, ముందస్తు నిర్బంధంలో ఉన్న మనిషికి కూడా ఈ కవర్లు వెళతాయి. నన్ను కదిలించిన నియమాల్లో అదొకటి. ధ్రువీకరించే అధికారి సంతకం చేసిన మనిషినే చూస్తాడు, అతను పెట్టిన గుర్తును కాదు.

అసలు పనితనం నంబరును నడిపిన తీరులో ఉంది. బ్యాలెట్ పంపేటప్పుడు ఓటర్ల జాబితా ప్రతిలో ఆ పేరు దగ్గర పోస్టల్ బ్యాలెట్ ఇచ్చినట్టు గుర్తు పెడతారు, అతను మళ్లీ పోలింగ్ కేంద్రంలో వేయకుండా. కానీ ఏ నంబరు బ్యాలెట్ ఇచ్చారో అక్కడ రాయకూడదని నియమం ప్రత్యేకంగా చెబుతుంది. అంటే జాబితాకు పేరు తెలుసు, నంబరు తెలియదు. చిన్న కవరు మీద నంబరు ఉంది, పేరు లేదు. రెండూ తెలిసినవి రెండే: బ్యాలెట్ కౌంటర్‌ఫాయిల్, డిక్లరేషన్. కౌంటర్‌ఫాయిళ్లను బ్యాలెట్లు పంపడం పూర్తికాగానే ప్యాకెట్లో పెట్టి సీలు వేస్తారు. మిగిలింది డిక్లరేషన్.

దాని సంగతి 54-ఎ చూసుకుంటుంది. లెక్కింపు బల్ల మీద ముందు పెద్ద కవర్లు ఒక్కొక్కటే తెరుస్తారు. డిక్లరేషన్ లేకపోయినా, సంతకం, ధ్రువీకరణ సరిగా లేకపోయినా, అందులోని నంబరు చిన్న కవరు మీది నంబరుతో కలవకపోయినా ఆ చిన్న కవరును తెరవకుండానే పక్కన పెడతారు. తిరస్కరించిన ఓటు ఎవరిదో తెలిసినా, ఎవరికి వేశారో తెలియదు. సరిగా ఉన్న డిక్లరేషన్లన్నీ ఒక ప్యాకెట్లో చేర్చి సీలు వేస్తారు. ఆ సీలు పడ్డాకే మొదటి చిన్న కవరు తెరవాలి. క్రమం ఒక్క మెట్టు తారుమారైతే రహస్యం పోయినట్టే. పెద్ద యంత్రమేదీ లేకుండా, ముందు ఏది, తర్వాత ఏది అన్న వరుసతోనే ఓటరును ఓటు నుంచి విడదీశారు. ఈ నియమం రాసినవారి పేర్లు మనకు తెలియకపోయినా, వారికి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

పాత పద్ధతిలో ఉన్న ఇబ్బంది కాలానిది. పేర్ల ఉపసంహరణ గడువు తర్వాత పోలింగ్‌కు చట్టం ఇచ్చే కనీస వ్యవధి రెండు వారాలే. అచ్చయిన బ్యాలెట్ సరిహద్దు దాకా వెళ్లి, లెక్కింపు మొదలయ్యేలోపు తిరిగి రావాలి. 2016లో నియమాలు సవరించి, సర్వీసు ఓటర్లకు వెళ్లే ప్రయాణాన్ని ఎలక్ట్రానిక్‌గా మార్చారు. తిరుగు ప్రయాణం మాత్రం టపాలోనే. సగం మార్చి సగం ఉంచడంలో వివేకం ఉంది, ఎందుకంటే ఆ రెండు కవర్ల గోడ కాగితం మీదే నిలుస్తుంది. ఓటరు తానే అచ్చు తీసుకుంటాడు కాబట్టి ఒకే బ్యాలెట్‌ను రెండుసార్లు పంపే ప్రమాదం కొత్తగా వచ్చింది. లెక్కింపు బల్ల మీద క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయడం దానికి విరుగుడు.

ధ్రువీకరణ మెట్టు ఎంత బరువు మోస్తుందో 2024లో ఆంధ్రప్రదేశ్ చూసింది. 13-ఎ మీద అధికారి సంతకం ఉండి, పేరూ హోదా ముద్రా లేకపోతే ఓటు చెల్లుతుందా అన్న వివాదం లెక్కింపుకు కొద్దిరోజుల ముందు హైకోర్టుకూ, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకూ వెళ్లింది. చెల్లుతుందన్న ఎన్నికల అధికారుల ఆదేశంలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నా మటుకు నాకు అది సబబే అనిపించింది. ముద్ర వేయడం ఓటరు చేతిలోని పని కాదు. ఎన్నికల విధుల్లో ఉన్నవారు ఫెసిలిటేషన్ సెంటర్‌లోనే బ్యాలెట్ తీసుకుని, అక్కడే వేసి, అక్కడే ఇవ్వాలని 2023లో నియమం వచ్చింది. అప్పుడు ధ్రువీకరించే అధికారిని కూర్చోబెట్టేది యంత్రాంగమే కదా, పొరపాటు పడితే భారం ఉపాధ్యాయుడి మీద ఎలా వేస్తాం?

ఈ పద్ధతి ఇళ్లకూ చేరింది: 85 ఏళ్లు దాటినవారికీ, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికీ ఫారం 12-డి ద్వారా ఇంటికే బ్యాలెట్ వస్తుంది.

ఈ పనితనం ఇంకా చేరనిది ప్రవాసులకు. 2011 నుంచి ప్రవాస భారతీయులు ఫారం 6-ఎతో ఓటరుగా నమోదు కావచ్చు, కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని సొంత ఊరి పోలింగ్ కేంద్రానికి రావాల్సిందే. దుబాయిలో పనిచేసే జగిత్యాల కూలీకి ఆ టికెట్టు ఎన్ని నెలల జీతమో లెక్క వేసుకోండి. సర్వీసు ఓటర్ల పద్ధతినే ప్రవాసులకూ ఇవ్వవచ్చని ఎన్నికల సంఘం 2020లో న్యాయశాఖకు రాసింది. కవర్లు సరిపోతాయి, వరుస సరిపోతుంది, సీలు సరిపోతుంది. కుదరాల్సింది 13-ఎ మీద రెండో సంతకం. లేబర్ క్యాంపులో ఉన్న మనిషి కాన్సులేట్ దాకా వెళ్లాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. ధ్రువీకరించే అధికారే క్యాంపుకు వెళ్లాలి. 85 ఏళ్ల అవ్వ ఇంటికి బ్యాలెట్ తీసుకువెళ్లే యంత్రాంగానికి అది రాని విద్యేమీ కాదు.