బ్యాటరీ మీద నేరం మోపకండి

భీమిలి నుంచి మా మేనల్లుడు ఈ వారం ఫోన్ చేశాడు. "మావయ్యా, బోటు బ్యాటరీ మళ్ళీ దిగిపోయింది. కొత్తది వెయ్యమంటున్నాడు మెకానిక్కు." వాడిది పాత 40 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు ఇంజను, సెల్ఫ్ స్టార్టుది. దిగిపోయిన బ్యాటరీ కూడా ఆ మెకానిక్కు ఈమధ్యే వేయించిందే. మీటరు పెట్టి చూశాడా అని అడిగాను. లేదన్నాడు. ఒళ్ళు మండింది నాకు.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా పాత పట్టుదల తెలుసు. కొలవకుండా సామాను మార్చేవాణ్ణి నేను మెకానిక్కు అనను.

ఔట్‌బోర్డులో పైన తిరిగే ఫ్లైవీలు లోపలి అంచుకి అయస్కాంతాలుంటాయి. వాటి కింద కదలకుండా కూర్చున్న తీగచుట్టలే స్టేటరు. అక్కడ పుట్టిన ఏసీని రెక్టిఫయరు డీసీ చేసి బ్యాటరీకి పంపుతుంది. ఇంజను ఆపి కొన్ని గంటలు వదిలేసిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. ఇంజను లేపి వేగం పెంచితే అది 14 దగ్గరికి ఎక్కాలి. ఎక్కకపోతే ముందు ఫ్యూజు, తర్వాత చిలుము పట్టిన తీగల కొసలు, ఎర్తు చూడాలి. ఉప్పుగాలికి తొందరగా పాడయ్యేవి ఇవే. ఇవన్నీ బాగుంటేనే స్టేటరు తీగలు విడదీసి ఓములు కొలవడం, డయోడు ఒకవైపే కరెంటు వదులుతోందో లేదో చూడడం. కొందరు ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ తీగ పీకి పరీక్ష చేస్తారు. బాగున్న రెక్టిఫయరు కూడా ఆ దెబ్బకి కాలిపోవచ్చు. దయచేసి ఆ పని చెయ్యనివ్వకండి.

ఇందులో ఒక చిక్కుంది. చాలా పాత ఔట్‌బోర్డుల్లో స్పార్కుకి కరెంటు వేరే కాయిలు ఇస్తుంది, బ్యాటరీతో పని లేదు. ఛార్జింగు ఎప్పుడో ఆగిపోయినా ఇంజను హాయిగా నడుస్తూనే ఉంటుంది. ఆపి మళ్ళీ లేపబోయినప్పుడే సంగతి బయటపడుతుంది.

పాతకాలపు రైలుపెట్టె కూడా అంతే. మా నాన్న ఖరగ్‌పూర్‌లో ట్రెయిన్ లైటింగ్ ఫిట్టరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి పనికొచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. పెట్టె కింద ఇరుసుకి కప్పీ, దానికి బెల్టు, బెల్టుకి డైనమో. బండి పరిగెడుతున్నంతసేపూ డైనమో దీపాలు వెలిగిస్తూ బ్యాటరీ నింపేది, ఆగితే బ్యాటరీ ఆదుకునేది. బెల్టు తెగిపోయినా ఇంజనుకేం పట్టేది కాదు, బండి ఆగేది కాదు. స్టేషన్లో నిలబడ్డాక ఆ ఒక్క పెట్టెలో దీపాలు ఎర్రబడేవి. మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాటేదాకా ప్రపంచంలో అంత పొడవైంది లేదనేవారు. అంత దూరం నుంచీ నాన్న ఆ ఎర్రబడ్డ పెట్టెని పోల్చుకునేవారు.

పాత స్టోన్ కంపెనీ డైనమోల గురించి చెప్తుంటే నాన్న ముఖం వెలిగిపోయేది. బండి వేగం పెరిగితే కరెంటు హద్దు మీరాలి కదా? డైనమోని ఊగేలా వేలాడదీశారు. లాగుడు ఒక హద్దు దాటగానే బెల్టు జారిపోయేది, డైనమో అంతకు మించి తిరిగేది కాదు. బండి వెనక్కి నడిస్తే కరెంటు తిరగబడకుండా బ్రష్షులే పక్కకి జరిగేవి. ఒక్క ట్రాన్సిస్టరు లేకుండా ఎంత తెలివి! తర్వాత 24 వోల్టుల డైనమోలు పోయి 110 వోల్టుల ఆల్టర్నేటర్లు, కరెంటుని హద్దులో ఉంచే రెగ్యులేటర్ పెట్టెలు వచ్చాయి. ఇప్పుడు ఎల్‌హెచ్‌బీ రకం పెట్టెలున్న చాలా బళ్ళకి కరెంటు ఇంజను నుంచే అందుతోంది. రైళ్ళకి రెగ్యులేటర్లు వచ్చినా పాత ఔట్‌బోర్డుల్లో కొన్నిటికి ఈనాటికీ రెగ్యులేటరు లేదు, ఎక్కువైన కరెంటు బ్యాటరీయే మింగాలి. అలాంటివాటికి నీళ్ళు పోసే రకం బ్యాటరీయే వెయ్యాలి.

మేనల్లుడికి మీటరు పాఠం చెప్పబోతుంటే నాన్న ప్లాట్‌ఫారం మీద నిజంగా ఏం చేసేవారో గుర్తొచ్చింది. ఆయన అక్కడ ఓములు కొలవలేదు. బండి ఆగేది కొద్ది నిమిషాలు. ఫ్యూజు మార్చేవారు, వీలైతే బెల్టు వేసేవారు, లేదంటే పక్క పెట్టె నుంచి తీగ లాగి దీపాలు వెలిగించి పంపేసేవారు. కొలతలన్నీ డిపోలో, పెట్టె పిట్ లైను మీద నిలబడ్డాక. ఫ్యూజు మార్చగానే మళ్ళీ ఎగిరిపోతే "ఇది షార్టు" అని చీటీ రాసిచ్చేవారు. ఆయనకి మార్చడం కూడా ఒక కొలతే.

అంటే మా మేనల్లుడి బోటులోనూ కొలత ఒకటి జరిగే ఉంది. కొత్త బ్యాటరీ వేశారు, అదీ దిగిపోయింది. తప్పు బ్యాటరీది కాదని అంతకంటే గట్టిగా ఏ మీటరు చెప్పాలి? మెకానిక్కు మార్చినందుకు నాకిప్పుడు కోపం లేదు. మార్చాక వచ్చిన జవాబు వినిపించుకోకుండా మళ్ళీ అదే మందు రాశాడే, తప్పు అదీ.

"ఉన్న బ్యాటరీకి ఒడ్డున ఛార్జింగు పెట్టించి వాడుకో. ఇంకోటి కొంటే కొను, బోటులో స్పేరుగా ఉంచు. ఫ్యూజు, ఎర్తు, స్టేటరు ఈ వారమే చూపించు" అని చెప్పాను. సముద్రం మీద ఓములు కొలిచే తీరిక ఎవరికీ ఉండదు. ఔట్‌బోర్డు బోటు ఉన్నవాళ్ళందరికీ నా మనవి: స్టీరింగు పక్కన ఒక వోల్టుమీటరు బిగించుకోండి, మీ ఇంజను చేత్తో లేచే రకమైతే స్టార్టరు తాడు బోటులోనే ఉంచుకోండి.