దూరం కొలిచే చేయి: కోల్‌కతా స్వతంత్ర చిత్రాలలో ఫోకస్

చలనచిత్రాలలోని నటనను గురించి, సంగీతాన్ని గురించి, వెలుగునీడలను గురించి విమర్శకులు రాసినంతగా ఫోకస్‌ను గురించి రాయలేదు. దృశ్యం స్పష్టంగా ఉన్నంతసేపు దాని వెనుక ఒక మనిషి శ్రమ ఉన్నదని ఎవరికీ తోచదు. మసకబారినప్పుడే అది లోపంగా కంటికి తగులుతుంది. కాని తెరపై ఏది స్పష్టంగా కనిపించాలి, ఏది మసకలో ఉండిపోవాలి అన్న నిర్ణయం కథనంలో అంతర్భాగమే. ఒకే గదిలో ఇద్దరు ఉన్నప్పుడు ఫోకస్ ఎవరి ముఖం మీద నిలిస్తే ప్రేక్షకుని సానుభూతి ముందుగా అటువైపే నడుస్తుంది. ఈ నిర్ణయాన్ని అమలుపరచే సాధనం గడచిన కొన్నేళ్ళలో చౌక అయింది. కెమెరాకు దూరంగా నిలబడి, తీగతో పనిలేకుండా లెన్స్ వలయాన్ని తిప్పగల పరికరం ఒకప్పుడు భారీ నిర్మాణాలకే అందుబాటులో ఉండేది. నేడు అది స్వల్ప వ్యయంతో చిత్రాలు తీసేవారి చేతికి వచ్చింది. దీనివల్ల స్వతంత్ర సినిమాకు సమకూరినదేమిటి, చేజారే ప్రమాదమున్నదేమిటి అన్న ప్రశ్నకు కోల్‌కతా నగరపు చిత్ర సంప్రదాయమే తగిన నేపథ్యం.

1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీ స్థాపనతో ఆ నగరంలో సినిమాను కళగా పరిశీలించే అలవాటు బలపడింది. 1952లో సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' చిత్రీకరణ ప్రారంభించినప్పుడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర వయస్సు సుమారు ఇరవైరెండేళ్ళు. అంతకుముందు ఆయన చలనచిత్ర కెమెరాను నడిపినవారు కారు. డబ్బు లేక పలుమార్లు ఆగిన ఆ చిత్రం పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ధనసహాయంతో పూర్తయి 1955లో విడుదలైంది. పరికరాల కొరత మధ్యనే కొత్త పద్ధతులను వెతుక్కోవడం ఆ తరానికి స్వభావమైంది. 1956 నాటి 'అపరాజితో'లో కాశీ ఇంటి ముంగిలిని స్టూడియోలో నిర్మించి, తెల్లని గుడ్డపై కాంతిని ప్రతిఫలింపజేసి, పగటి వెలుతురును సుబ్రత మిత్ర సాధించిన తీరు అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఫోకస్‌ను కథావస్తువుగానే మార్చిన చిత్రం 1964 నాటి 'చారులత'. రవీంద్రనాథ్ టాగూరు 'నష్టనీడ్' ఆధారంగా రూపొందిన ఈ చిత్రంలో నాయిక ఆపెరా గ్లాసు చేతబట్టి కిటికీ నుంచి కిటికీకి నడుస్తూ వీధిలో పోయేవారిని చూస్తుంది. అపరిచితులు ఆ అద్దాలలో ఆమెకు దగ్గరవుతారు. పుస్తకం చదువుకుంటూ పక్కనుంచే వెళ్ళిన భర్త భూపతి ఆమెను గమనించడు. అతనిని కూడా ఆమె ఆ అద్దాల గుండానే చూడవలసి వస్తుంది. చేయి చాపితే అందే మనిషిని దూరదర్శినితో చూడడంలోని వేదనను ఒక్క సంభాషణ అయినా లేకుండా రాయ్ చెప్పగలిగారు. దూరం, స్పష్టత అనేవి ఇక్కడ సాంకేతిక పదాలు కావు. ఒక దాంపత్యపు స్థితిగతులు. ఈ చిత్రం నుంచి రాయ్ కెమెరాను స్వయంగా నడపడం కూడా గమనార్హం. చూపును దర్శకుడే తన వశం చేసుకున్నాడన్నమాట. అయితే దర్శకుని కన్ను వ్యూఫైండర్‌లో ఉన్నప్పుడు లెన్స్ వలయం మీద మరొకరి చేయి ఉండడం చిత్రనిర్మాణంలో సాధారణ పద్ధతి. ఆ రెండో చేయి ఫోకస్ పుల్లర్‌ది.

సంప్రదాయికంగా ఫోకస్ పుల్లర్ పని తెరను చూసి చేసేది కాదు. నటుడు నిలబడే చోటుకు, నడిచివచ్చే చోటుకు టేపుతో దూరం కొలిచి, నేలమీద గుర్తులు పెట్టి, లెన్స్ పక్కన అమర్చిన తెల్లని బిళ్ళపై ఆ దూరాలను గీతలుగా రాసుకుని, నటుని అడుగుతో సమానంగా వలయాన్ని తిప్పడం అతని విద్య. అనుభవజ్ఞుడైన పుల్లర్ ఎదుటి మనిషి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో చూపుతోనే చెప్పగలడు.

ఈ విద్య అవసరం డిజిటల్ కాలంలో తగ్గలేదు, పెరిగింది. 2008లో వచ్చిన కానన్ 5డి మార్క్ 2 వంటి ఫొటో కెమెరాలు పెద్ద సెన్సరుతో వీడియో తీయడం మొదలుపెట్టిన తరువాత, తక్కువ వెలుతురులో పెద్ద రంధ్రంతో చిత్రీకరించడం స్వతంత్ర దర్శకులకు సులభమైంది. దానికి చెల్లించే మూల్యం స్పష్టతకు దక్కే లోతు. అటువంటి సెన్సరు మీద 50 మి.మీ. లెన్స్‌తో 2 మీటర్ల దూరంలోని మనిషిని ఎఫ్/8 వద్ద చిత్రిస్తే సుమారు 80 సెంటీమీటర్ల మేర స్పష్టంగా ఉంటుంది. అదే ఎఫ్/1.4 వద్ద ఆ లోతు 13 సెంటీమీటర్లకు పడిపోతుంది. నటుడు కాస్త ముందుకు వంగినా కళ్ళు మసకబారతాయి.

దీనికి తోడు 2013 ప్రాంతం నుంచి కెమెరాను కుదుపు లేకుండా మోసే గింబల్ వాడుకలోకి వచ్చింది. గింబల్ మీద తూగుతున్న కెమెరాను చేతితో తాకితే దాని సమతూకం చెడుతుంది. కనుక లెన్స్‌ను దూరం నుంచి తిప్పక తప్పదు. లెన్స్ వలయానికి పళ్ళచక్రం, దానికి ఆనించిన చిన్న మోటారు, పుల్లర్ చేతిలో రేడియో సంకేతాలు పంపే చక్రం: పరికరమంతా ఇంతే. మోటారు మొదట లెన్స్ రెండు కొసలనూ తడిమి తెలుసుకుంటుంది. ఆపై చేతిచక్రం ఎంత తిరిగితే అది అంత తిరుగుతుంది. ఈ కోవకు చెందిన ఉన్నతశ్రేణి పరికరాలు అద్దెకు తెచ్చుకోవడమే చిన్న నిర్మాతకు భారం. 2018లో టిల్టా సంస్థ తెచ్చిన న్యూక్లియస్-నానో వంటివి 200 డాలర్ల పైచిలుకు ధరకే లభించడంతో పరిస్థితి మారింది.

కోల్‌కతా వంటి నగరంలో ఈ మార్పు విలువ ప్రత్యేకమైనది. ఉత్తర కోల్‌కతా సందులలో, పాత ఇళ్ళ ఇరుకు మెట్లమీద, ట్రాము పెట్టెలో కెమెరా పక్కన ఇద్దరు నిలబడే చోటు ఉండదు. పుల్లర్ గుమ్మం బయటో, మెట్ల మలుపులోనో నిలబడి పని చేయగలిగితే కెమెరా ఆ ఇరుకులోకి వెళ్ళగలదు. ధనికుల సినిమాకే పరిమితమైన కదలిక పేద సినిమాకూ దక్కడం చిన్న విషయం కాదు.

అయితే ఈ పరికరం సంకల్పాన్ని మోసుకుపోతుందే కాని సంకల్పాన్ని కలిగించదు. దూరం ఎంతో, చూపు ఎక్కడ నిలవాలో దానికి తెలియదు. అందులోనూ కొసల వద్ద ఆగకుండా వలయం తిరుగుతూనే ఉండే ఫొటో లెన్సులతో గుర్తులు నిలవవు. మరొక ప్రమాదం అభిరుచికి సంబంధించినది. పలుచని ఫోకస్ సులభమైనకొద్దీ ముఖం వెనుక ఉన్నదంతా రంగుల వెలుగుచుక్కలుగా కరిగించడం అందంగా చెలామణి అవుతుంది. అలా కరిగిపోయేది చాలాసార్లు ఆ పాత్ర బతికే వీధి, ఆమె పొరుగువారు, ఆమె పని. కోల్‌కతా దర్శకులు తెలుగులో తీసిన రెండు చిత్రాలను ఇక్కడ స్మరించడం సముచితం: మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ' (1977), గౌతమ్ ఘోష్ 'మా భూమి' (1979). మొదటిది ప్రేమ్‌చంద్ 'కఫన్' ఆధారంగా దారిద్ర్యాన్ని, రెండవది తెలంగాణ రైతాంగ పోరాటాన్ని చిత్రించాయి. ఊరు, నేల, గుంపు మసకబారితే ఈ కథలకు అర్థమే లేదు. అక్కడ నేపథ్యం కూడా పాత్రే.

ఈ విషయంలో ఇటీవలి కోల్‌కతా సినిమా ఇచ్చిన మంచి జవాబు ఆదిత్య విక్రమ్ సేన్‌గుప్తా తొలి చిత్రం 'ఆశా జావోర్ మాఝే' (2014). ఉత్తమ తొలి చిత్ర దర్శకునిగా జాతీయ పురస్కారం సంపాదించిన ఈ చిత్రానికి ఛాయాగ్రహణంలోనూ మహేంద్ర శెట్టితో పాటు దర్శకుడు పాలుపంచుకున్నారు. భార్యకు పగటి ఉద్యోగం, భర్తకు ముద్రణాలయంలో రాత్రి పని. వారు ఒకరినొకరు చూసుకునేది తెల్లవారుజామున కొద్ది నిమిషాలు మాత్రమే. పాత్రల మధ్య సంభాషణ లేని ఈ చిత్రంలో వంటగిన్నెలు, ఆరవేసిన బట్టలు, ఖాళీ పడక మనుషులతో సమానమైన శ్రద్ధను పొందుతాయి. కెమెరా తొందరపడదు. వస్తువు మీద నిలిచిన స్పష్టత అక్కడ లేని మనిషిని గుర్తుచేస్తుంది. చారులత అద్దాల గుండా భర్తను వెతికింది; ఈ దంపతులు ఒకరు వాడి వదిలిన వస్తువులలో మరొకరిని వెతుకుతారు. ఇటువంటి చూపుకు ఖరీదైన కదలిక కంటే ఓపిక ముఖ్యమని ఈ చిత్రం రుజువు చేస్తున్నది.

ఇక మిగిలిన ప్రశ్న మనుషులది. పరికరం చౌక అయినప్పుడు దానిని పట్టుకున్న చేయి కూడా చౌక కావచ్చు. ఇంకొక అడుగు వేస్తే అనవసరమూ కావచ్చు. చక్రాన్ని దర్శకుడే తిప్పుకుంటే ఒక జీతం మిగులుతుందన్న లెక్క చిన్న నిర్మాణాలలో సహజం. ముఖాన్ని తానే వెంబడించే ఆటో ఫోకస్ ఆ లెక్కను మరింత సులువు చేస్తుంది. కాని యంత్రం దగ్గరి ముఖాన్ని పట్టుకోగలదు. ఎప్పుడు ఆ ముఖాన్ని వదిలి వెనుక గుమ్మంలో నిలిచిన మనిషి వైపు మళ్ళాలో, ఎంత నెమ్మదిగా మళ్ళాలో నిర్ణయించలేదు. 1995లో రాయ్ పేరిట కోల్‌కతాలో స్థాపితమైన చలనచిత్ర, టెలివిజన్ శిక్షణ సంస్థ వంటివి ఈ విద్యను ఛాయాగ్రహణానికి తొలిమెట్టుగా మాత్రమే కాక స్వతంత్ర వృత్తిగా గుర్తించి బోధించడం, ప్రభుత్వ సహాయం పొందే చిత్రాల వ్యయపట్టికలో ఫోకస్ సహాయకుని వేతనానికి ఒక పద్దు తప్పనిసరి చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. 'పథేర్ పాంచాలీ'ని పూర్తి చేసింది ప్రభుత్వ ధనమైనా, దానికి సార్థకత కలిగించింది అనుభవం లేని ఒక యువకుని చేతికి అభ్యాసం చేసే అవకాశం దక్కడం. చౌక పరికరం ఆ అవకాశాన్ని విస్తరింపజేస్తే అది వరం. ఆ చేతినే తొలగిస్తే అది మిగిల్చేది పొదుపు మాత్రమే.