లోకం కన్నా ముందు ఇల్లు

డైరీ అంటే తనకోసం తాను రాసుకునేదని మన నమ్మకం. ఆన్ ఫ్రాంక్ డైరీ ఆ నమ్మకాన్ని నిలవనివ్వదు. యుద్ధకాలపు డైరీలూ ఉత్తరాలూ భద్రపరచమని ప్రవాస డచ్ ప్రభుత్వ మంత్రి 1944 మార్చిలో రేడియోలో కోరాడు. మే నెలలో ఆన్ తన డైరీని పుస్తకంగా తిరగరాయడం మొదలుపెట్టింది. తమతోపాటు అజ్ఞాతవాసంలో ఉన్న పీటర్ మీది ప్రేమను చాలావరకు తీసేసింది. పాఠకులుంటారన్న ఊహ ఆమెను రచయిత్రిని చేసింది, చేతికి కత్తెరా ఇచ్చింది.

అయితే ఈ జాగ్రత్త లోకంతో మొదలవలేదు. 1942లోనే, లైంగిక విషయాలు రాసుకున్న రెండు పేజీల మీద ఆమె గోధుమరంగు కాగితం అంటించింది. ఆ రాత 2018లో గానీ బయటపడలేదు. అప్పుడు ఆమె భయపడిన పాఠకులు ఆ కప్పు కిందివాళ్లే అయివుండాలి.

స్త్రీల స్వీయ రచనల్ని 'ఎంత నిజాయితీగా రాసింది' అని తూచడం మనకు అలవాటు. ఏ కళ్లు చూస్తుండగా రాసిందో అడగనంతకాలం ఆ తూకం అన్యాయమే.